శంషాబాద్ దారిలో ఎర్ర దీపాలు

శంషాబాద్ వెళ్ళొచ్చానంటే మా విశాఖలో అందరూ ఏ విమానం ఎక్కావని అడుగుతున్నారు. నేను ఏ విమానమూ ఎక్కలేదు. మూడు రోజులు ఆ చుట్టుపక్కల సైకిల్ తొక్కాను. విమానాలు తల మీదుగా చాలా తక్కువ ఎత్తులో వెళ్ళేవి. మొదటి రోజు ప్రతిదానికీ తలెత్తి చూశాను. రెండో రోజు కొన్నిటికే చూశాను. మూడో రోజు ఒక్కదానికీ చూడలేదు.

నేను తీసుకెళ్ళిన సైకిల్ కూడా నాది కాదు. దానియేలుది. దాన్ని అతనికి అప్పజెప్పడానికే వెళ్ళాను.

దానియేలు శంషాబాద్ వాడు. రెండేళ్ళు విశాఖలో నా పక్క బల్ల మీద పనిచేశాడు. ఆదివారాలు మేం ఏడుగురం బీచ్ రోడ్డు మీద వరసగా సైకిళ్ళు తొక్కేవాళ్ళం. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున ఒక కూడలిలో ఆటో తగిలి అతని కుడి మోచెయ్యి విరిగింది. తర్వాత ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోయాడు, అక్కడ ఎయిర్‌పోర్టులో సరుకులు దించే విభాగంలో చేరాడు. సైకిల్ మా ఇంట్లో ఉండిపోయింది.

వరసగా తొక్కడానికి ఒక పద్ధతి ఉంది. ముందున్నవాడే అందరికీ కళ్ళు. గుంట వస్తే చేత్తో కిందికి చూపిస్తాడు, వెనకవాడు అదే సైగ తన వెనకవాడికి చేస్తాడు. కూడలి ఖాళీగా ఉంటే "క్లియర్" అని అరుస్తాడు. ఆ మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెనక్కి పాకుతుంది. వెనకవాళ్ళు పక్కకి చూడరు. చూస్తే ముందు చక్రానికి తగిలి పడతారు.

ఆ రోజు ముందున్నది నేను. మాకు ఎర్ర దీపం ఉంది. కూడలిలో ఎవరూ లేరు. క్లియర్ అన్నాను. వరసలో చివర ఉన్నది దానియేలు.

తర్వాత లెక్క వేశాను. ఏడు సైకిళ్ళ వరస ముప్ఫై మీటర్లు. మా వేగానికి నేను దాటిన గీతని చివరివాడు నాలుగున్నర సెకన్ల తర్వాత దాటతాడు. ఆ నాలుగున్నర సెకన్లలో మామూలు వేగంతో వచ్చే ఆటో యాభై మీటర్లు వస్తుంది. అంటే నేను చూసిన ఖాళీ నాకే పనికొస్తుంది, దానియేలుకి పనికిరాదు.

ఇంకొకటి ఉంది. జనం పోగయ్యాక ఎవరో "సిగ్నల్ ఎవరికి పడింది?" అని అడిగారు. "ఆటోకే ఎర్ర పడింది," అని మొదట అన్నవాణ్ణి నేనే. ఆ మాట కూడా క్లియర్ లాగే ఒకరి నుంచి ఒకరికి పాకింది. నా వెనక ఐదుగురూ అదే చెప్పారు.

రైల్లో కూర్చుని నోట్‌బుక్‌లో దానియేలుకి చెప్పవలసినవి రాసుకున్నాను. ఒకటి, క్లియర్ అన్నది నేను. రెండు, ఎర్ర మాది. మూడు, ఆటో గురించి అబద్ధం చెప్పాను. నాలుగు, హ్యాండిల్ పాతిక మిల్లీమీటర్లు ఎత్తించాను, మోచెయ్యి పూర్తిగా చాపక్కర్లేదు. నాలుగోదే చెప్పడం తేలిక కాబట్టి దానితో మొదలుపెడదామా అని కూడా ఆలోచించాను. ఇవి కాక నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఈ మూడు రోజులూ, దారి ఎంత ఖాళీగా ఉన్నా, ప్రతి ఎర్ర దీపానికీ ఆగాలి.

ఆరాంఘర్ దాటాక

రైలు దిగి సైకిల్ మీద బయల్దేరాక, నియమం మొదటి ఎర్ర దీపం దగ్గరే ఇబ్బందిలో పడింది.

తెల్లగీత వెనక కాలు కింద పెట్టి నిలబడ్డాను. నా పక్కనుంచి ఇద్దరు సైకిల్‌వాళ్ళు వేగం తగ్గించకుండా వెళ్ళిపోయారు. ఎండలో నిలబడ్డ హోంగార్డు నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"పో అన్నా, పో. నీకేం లేదు."

"ఎర్ర ఉందండి."

ఆయన దీపం వంక చూశాడు, నా వంక చూశాడు. "అది బండ్లకు. నీది సైకిల్ గద."

"సైకిల్ కూడా బండేనండి."

"ఏ ఊరన్నా మీది?"

"విశాఖపట్నమండి."

"అట్లనా," అన్నాడు, దాంతో అంతా అర్థమైనట్టు.

పక్కన ఆగిన ఆటోలోంచి ఒక పెద్దావిడ తల బయటికి పెట్టింది. "ఆగనియ్యి రాదయ్యా. ఆగక ఆగక ఒక్కడు ఆగిండు, వాణ్ణి గూడ ఎల్లగొడ్తవా?"

హోంగార్డు నవ్వాడు. పచ్చ పడ్డాక నాకోసం ప్రత్యేకంగా చెయ్యి చాపి దారి చూపించాడు. మా ఊళ్ళో ఎర్ర దీపం దగ్గర సైకిల్ ఆపితే వెనక నుంచి హారన్ కొడతారు. ఇక్కడ పలకరిస్తారు. హారన్ కూడా కొడతారు, కానీ పలకరించాకే.

గగన్‌పహాడ్

గగన్‌పహాడ్‌లో రోడ్డుకి రెండు వైపులా షెడ్లు, రేకుల గోడలు, ఇనుము కోసే చప్పుడు. అక్కడి సిగ్నల్ దగ్గర నేను ఆగి ఉండగా ఒక పాత నల్ల సైకిల్ వెనక నుంచి వచ్చింది. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనక కట్టిన గోనెసంచిలో ఇనప ముక్కలు. యాభై దాటిన మనిషి. నా పక్కకొచ్చి నెమ్మదించాడు కానీ కాలు కింద పెట్టలేదు. కుడికి చూశాడు, ఎడమకి చూశాడు, మళ్ళీ కుడికి చూశాడు.

"ఏంది తమ్మీ, ఆగినవ్?" అని, జవాబు వినకుండానే దాటి వెళ్ళిపోయాడు.

అర కిలోమీటరు వెళ్ళానో లేదో నా ఎడమ పెడల్ వదులై, నాలుగు తొక్కులకి ఊడి చేతికొచ్చింది. సైకిల్ నెట్టుకుంటూ ఒక చాయ్ హోటల్ దాకా వెళ్తే ఆ మనిషి అక్కడే నిలబడి చాయ్ తాగుతున్నాడు. ఆయన పేరు యాదయ్య, అక్కడే ఒక షెడ్డులో ఫిట్టర్. పెడల్ తీసుకుని మరలు వెలుతురులో పెట్టి చూశాడు.

"ఎవలు బిగిచ్చిన్రు దీన్ని?"

"నేనేనండి. రైల్లో వెయ్యడానికి ఊడదీసి, స్టేషన్లో మళ్ళీ బిగించాను."

"ఏం పని జేస్తవ్?"

"ఇంజినీర్నండి."

హోటల్లో ఉన్న నలుగురూ గ్లాసుల చాటున నవ్వుకున్నారు.

"ఎడమ పెడల్ ఉల్టా తిరుగుతది తమ్మీ. కుడిది ఎడమకు పెట్టినవ్, ఎడమది కుడికి. బలం పెట్టి ఎక్కిచ్చినట్టున్నవ్."

ఆ సంగతి నాకు తెలుసు. పెడళ్ళ మీద సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టాను. హడావిడిలో చూసుకోలేదు. యాదయ్య సీటు కింద సంచిలోంచి పానా తీసి, రెండూ మార్చి, నూనె చుక్క వేసి పది నిమిషాల్లో బిగించాడు. మరలు సగమే పోయాయట, మూడు రోజులు ఆగుతాయన్నాడు. నా చాయ్ తనే ఇప్పించాడు. పాలు ఎక్కువ కాచిన చిక్కటి చాయ్, సాసర్‌లో ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్లు రెండు. ఊరికి కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇరవై రూపాయలు తీసుకోనివ్వనన్నాడు.

సిగ్నల్ దగ్గర ఎందుకు ఆగలేదని అడిగాను. తప్పు పట్టినట్టు కాకుండా అడగడానికి ప్రయత్నించాను.

"ఎనక ముప్పై కిలోల ఇనుముంది. ఆపితే మళ్ల లేపాలె. మోకాళ్లు నావి గద."

"భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదు? గందుకే మూడుసార్లు జూస్త. కానీ ఒకటి తమ్మీ. ఎవలన్న పొమ్మంటే మాత్రం పోను. హోంగార్డు పొమ్మన్నా పోను. నా కండ్లతోటి నేను జూసినంకనే పోత."

నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాను. ఆయన చేస్తున్నది తప్పే. కానీ ఆ తప్పు మొత్తంగా ఆయనదే, వేరొకరి వీపు మీద పడేది కాదు. నా తప్పుకి ఆ గుణం లేదు. అక్కడి నుంచి శంషాబాద్ దాకా ఇంకో మూడు ఎర్ర దీపాలు వచ్చాయి. ఆగిన ప్రతిసారీ యాదయ్య లాగా మూడుసార్లు చూశాను.

శంషాబాద్

దానియేలు ఇల్లు పాత ఊరి వైపు, చర్చి వెనక వీధిలో. గేటు దగ్గర అతను నన్ను కాకుండా సైకిల్ని ముందు చూశాడు.

"దీన్ని గూడ తెచ్చినవా?" అన్నాడు. సంతోషమో విసుగో తెలియలేదు. గోడకి ఆనించి పాత దుప్పటి కప్పేశాడు.

వాళ్ళమ్మ సువార్తమ్మ గారు అంగన్‌వాడీలో పనిచేస్తారు. రాత్రి భోజనానికి బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు పెట్టారు. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద గంట మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, పొయ్యి ఎక్కించకుండానే వడ్డిస్తారు. మొదటి ముద్దకి పచ్చివాసన అనిపించింది. మూడో ముద్దకి ఇంకొంచెం పొయ్యమని అడిగాను.

"సైకిల్ ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?" అన్నారామె. "వీడు ఇగ తొక్కడు. సైకిల్ సంగతి ఇడిసిపెట్టు, ఆటోల గూడ ఎక్కుతలేడు. బస్టాండ్ దాక నడిచే పోతడు, ఎండయినా వానయినా."

"అమ్మా, తిననియ్యి ఆయన్ని," అన్నాడు దానియేలు.

"తింటనే ఉన్నడు గద. ఆ ఆటోవోడు ఎర్ర దీపం జూడకుంట నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టె. వాణ్ణి ఆ ప్రభువే జూసుకుంటడు."

దానియేలు సగం తిన్న కంచం తీసుకుని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నా మాట ఆరువందల కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి ఈ వంటింట్లోకి కూడా వచ్చిందని అప్పుడు తెలిసింది. పచ్చిపులుసు గిన్నె ఆమె నావైపు జరిపారు. ఇక తినలేకపోయాను.

ఎయిర్‌పోర్టు గోడ పక్కన

రెండో రోజు శనివారం. దానియేలు డ్యూటీకి వెళ్తే నేను దుప్పటి కింది సైకిల్ తీసి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల రోడ్లు చూశాను. పెద్ద దారి అద్దంలా ఉంటుంది, మధ్యలో పూలమొక్కలు, నీళ్ళ ట్యాంకరు వెంట నడుస్తూ తడిపే ఆడవాళ్ళు. దాన్ని వదిలి ఒక్క మలుపు తిరిగితే పశువుల మంద అడ్డం వస్తుంది. ఇక్కడి సిగ్నళ్ళకి కార్లు బుద్ధిగా ఆగుతాయి. కార్లలో వాళ్ళంతా గడియారాలు చూసుకుంటూ ఉంటారు. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళంతా యూనిఫారాల్లో ఉన్నారు, తోటపనివాళ్ళు, కాపలావాళ్ళు, వంటవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ ఆగలేదు. వాళ్ళకీ గడియారాలున్నాయి, గేటు దగ్గర, హాజరు వేసేవి.

సాయంత్రం దానియేలు డ్యూటీ దిగి, గోడ పక్కన మట్టిరోడ్డు దగ్గరికి నడిచి వచ్చాడు. విమానాలు దిగడం చూడటానికి అక్కడ జనం పిల్లల్ని తీసుకొస్తారు. ఒకావిడ బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తోంది, కంకి ముప్ఫై. మా బీచ్‌లో మొక్కజొన్న పొత్తుకి నిమ్మకాయ తొందరగా ఒకసారి రుద్ది ఇస్తారు. ఈవిడ ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్కతో వరస వరసా తీరిగ్గా రుద్దింది.

నోట్‌బుక్ జేబులోనే ఉంది. తీయలేదు. వరస కూడా తప్పాను, మూడోదానితో మొదలుపెట్టాను.

"ఆటోకి ఎర్ర అని చెప్పానే, అది అబద్ధంరా. ఎర్ర మనకి. చూసి కూడా క్లియర్ అన్నాను."

ఒక విమానం మా మీదుగా దిగింది. ఆ చప్పుడు తగ్గేదాకా అతను కంకి గింజలు ఒక్కొక్కటే ఒలుచుకున్నాడు.

"ఎర్ర నాకు గూడ కనబడ్డది," అన్నాడు.

"మరి ఎందుకొచ్చావ్?"

"నువ్వు క్లియర్ అన్నవ్ గద."

కోపంగా అనలేదు. లెక్కలో ఒక అంకె చెప్పినట్టు చెప్పాడు.

"నాకు పరేషాన్ అది కాదురా శ్రీకర్. ఆ ఆటో ఆయన, అప్పలరాజు, దవాఖానకు రెండుసార్లొచ్చిండు. మీరెవ్వరు లేనప్పుడు. కొబ్బరిబొండం తెచ్చిండు. మంచం పక్కన నిలబడి, తప్పైపోయింది బాబూ, క్షమించండి అన్నడు. ఆయన్ది పచ్చ. నాకు తెల్సు. మీరందరు ఎర్ర అని చెప్పినంక నేనొక్కణ్ణి పచ్చ అంటే ఎట్లుంటది అని ఊకున్న. ఊకుంటే ఆయన బొండం కొట్టి, స్ట్రా పెట్టి ఇచ్చిండు. తాగిన."

చేతిలో మిగిలిన గింజలు కింద పడేశాడు.

"చెయ్యి బాగనే ఉంది. సైకిల్ ఎక్కితే ఆయన మొఖం యాదికొస్తది. ఆటో ఎక్కినా గంతే."

నా జాబితాలో నాలుగు అంశాలున్నాయి. ఇది అందులో లేదు. వరసలో చివర ఉన్నవాడికి నేను మోచెయ్యి విరగ్గొట్టాననే అనుకున్నాను. అబద్ధం మొయ్యమని కూడా ఇచ్చానని అనుకోలేదు.

"ఆయన నంబరుందా?" అని అడిగాను.

"ఉంది. మందుల చీటీ ఎనక రాసిచ్చిండు, ఏదన్న అవసరమైతే చెయ్యమని." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "రేపు పొద్దుగాల్ల తొక్కి చూస్త. అమ్మకు చెప్పకు. పది గంటలకు చర్చికి రావాలె."

హిమాయత్ సాగర్, రాజేంద్రనగర్

ఆదివారం తెల్లవారాక బయల్దేరాం. దానియేలు తన సైకిల్ మీద, నేను వాళ్ళ పక్కింటివాళ్ళ సైకిల్ మీద. హ్యాండిల్ ఎత్తు చూసి "ముసలోళ్ళ సైకిల్ లెక్క చేసినవ్," అన్నాడు. కానీ మొదటి కిలోమీటరు తర్వాత మోచెయ్యి బిగపట్టడం మానేశాడు. అతనే ముందు. చెయ్యి చూపించలేదు, ఏమీ అరవలేదు. నేను నాలుగు సైకిళ్ళ దూరం వదిలి, నా దారి నేను చూసుకుంటూ వెళ్ళాను.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీదుగా హిమాయత్ సాగర్ చేరేసరికి నీళ్ళ మీద ఇంకా పొగమంచు ఉంది. గట్టు పక్కన ఒకాయన బండి మీద ఇడ్లీలు అమ్ముతున్నాడు, పల్లీ చట్నీతో. మమ్మల్ని చూసి "ఇద్దరేనా? ఆదివారం మంద లెక్క వస్తరు గద సైకిలోళ్ళు," అన్నాడు. "ముందటోడు చెయ్యి లేపితే ఎనక ఇరవై చేతులు లేస్తయ్. ఓసారి ముందటోడు చెమట తుడుసుకున్నడు. అందరు ఆగిన్రు." దానియేలు ఇడ్లీ నోట్లో పెట్టుకుని నవ్వాడు. ఈ మూడు రోజుల్లో అతని మొహంలో నేను చూసిన మొదటి నవ్వు.

తిరుగుదారి రాజేంద్రనగర్ మీదుగా. యూనివర్సిటీ ప్రహరీ పక్కన చెట్లనీడలో రోడ్డు చల్లగా, ఖాళీగా ఉంది. ఒక కూడలిలో ఎర్ర పడింది. ఎటువైపూ ఎవరూ లేరు. దానియేలు ఆగాడు. నేను అతని పక్కన ఆగాను. అంకెలు తగ్గుతున్నాయి, నలభై, ముప్ఫై తొమ్మిది.

వెనక నుంచి గొలుసుల చప్పుడు. రంగురంగుల చొక్కాల్లో పదిమంది సైకిల్‌వాళ్ళు వరసగా వచ్చారు. ముందున్నాయన అటూ ఇటూ చూసి "క్లియర్" అన్నాడు. ఆ మాట మా పక్కనుంచి వెనక్కి వెళ్ళింది, క్లియర్, క్లియర్, క్లియర్. వరస కూడలిలోకి జారింది. చివర ఒక అమ్మాయి. నిలబడ్డ మమ్మల్ని చూసి, ఎందుకో తలెత్తి కుడికి చూసింది. రెండు బ్రేకులూ పట్టింది. చక్రం గీత మీద ఆగింది. పచ్చ దీపం మీద వస్తున్న నీళ్ళ ట్యాంకరు ఆమె ముందు నుంచి, వేగమేమీ లేకుండా, మామూలుగా వెళ్ళిపోయింది.

"క్లియర్ అన్నారు కదా," అంది ఆ అమ్మాయి, మాతో కాదు.

"అంటరు," అన్నాడు దానియేలు.

పచ్చ పడింది. ఆమె నెమ్మదిగా దాటి వెళ్ళింది. దానియేలు మాత్రం సైకిల్ పక్కకి తీసి ప్రహరీకి ఆనించి, జేబులోంచి ఆ మందుల చీటీ, ఫోన్ తీశాడు. నన్ను అడగలేదు. స్పీకర్ పెట్టాడు. నాలుగో రింగుకి ఎత్తారు.

"అప్పలరాజన్నా, నేను దానియేల్‌ను. చెయ్యి ఇరిగిన..."

"బాబూ," అంది అవతలి గొంతు. "సెయ్యి నయమైందా? పైకి లేత్తోందా?"

దానియేలు ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత తడబడకుండా చెప్పాడు. "అన్నా, ఆ దినం మీకు పచ్చ ఉండె. మాకు ఎర్ర. మేమే దాటినం. దవాఖానలనే చెప్పాల్సింది. చెప్పలే."

అవతల ఆటో ఇంజను ఆగిన చప్పుడు వినబడింది.

"పచ్చేనా?" అన్నాడాయన. "పచ్చే కదా బాబూ? ఆ రోజు ఇంటికెళ్ళి పచ్చే సూసేనని సెప్పేను. ఆరుగురు సదువుకున్నోలు ఎర్రన్నారు, నువ్వు సూసింది పచ్చెలా అవుద్ది అంది మా ఆడది. అనగా అనగా నాకే అనుమానం వచ్చీసింది. ఎర్రేనేమో, నా కళ్ళే తప్పేమో అనుకున్నాను. ఏడాదినుంచీ పచ్చ పడ్డా సిగ్నల్ కాడ ఆగిపోతన్నాను బాబూ. ఎనకోలు తిడతన్నారు."

దానియేలు నా వంక చూశాడు. చెట్ల అవతల కూడలిలో దీపం మళ్ళీ ఎర్రకి మారింది.

"ఇంటికాడే ఉన్నాను, బండి ఇంకా బయల్దేర్నేదు," అన్నాడు అప్పలరాజు. "మా ఆడదానికి ఓపాలి సెప్తారా బాబూ? నే సెప్తే నమ్మదు."

దానియేలు ఫోన్ నా చేతిలో పెట్టాడు. అవతల కూడా ఫోన్ చేతులు మారిన చప్పుడు, గాజుల చప్పుడు వినిపించాయి. "హలో, ఎవరండీ?" అని ఒక ఆడగొంతు అడిగింది.

"అమ్మా, నమస్కారం," అన్నాను. "ఆ రోజు వరసలో ముందున్నది నేను."